సముద్రానికి ముఖం చాటేసిన ఊళ్ళు
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడు అడ్డొస్తే చెప్పండి, మైకు కాస్త దగ్గరికి జరుపుకుంటాను.

ఇటలీ యాత్ర గురించి మాట్లాడమన్నారు. రోమ్, వెనిస్, పీసా గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మీలో కొందరు వెళ్ళొచ్చారు, వెళ్ళనివాళ్ళకి యూట్యూబ్ ఉంది. అందుకని ఆ దేశం దక్షిణం కొసకి వెళ్దాం. మ్యాపులో ఇటలీ బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ఆ బూటు ముందుభాగం కలాబ్రియా ప్రాంతం. అక్కడ పడమటి ఒడ్డున ట్రొపేయా అని ఒక చిన్న ఊరుంది. జనాభా ఆరు వేలు అటూఇటూ. దాని ముందున్న నీళ్ళని టిరేనియన్ సముద్రం అంటారు, మధ్యధరా సముద్రంలో అదొక భాగం.

ముందే ఒక మాట చెప్పాలి. నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడికెళ్ళినా ముందు రోడ్డు చూస్తాను, తర్వాత కల్వర్టు చూస్తాను, గుడైనా చర్చైనా ఆ తర్వాతే. మా ఆవిడకి ఈ వరస అస్సలు నచ్చదు. కాబట్టి ఇవాళ మీరు వినేది ఒక పర్యాటకుడి మాటలు కాస్త, ఇంజనీరు నస కాస్త.

ట్రొపేయా ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, ఊరి పేరు తెలియకపోయినా. కింద తెల్లటి ఇసుక, ఆకుపచ్చలోంచి నీలంలోకి మారే నీళ్ళు. పైన నిట్టనిలువుగా ఇసుకరాతి కొండ, సుమారు 60 మీటర్లు. దాని అంచు మీద జానెడు కూడా వదలకుండా ఇళ్ళు. కొండ ఎక్కడ అయిపోయి ఇంటి గోడ ఎక్కడ మొదలైందో కింద నిలబడి చూస్తే తేల్చుకోలేం, రెండూ ఒకే రంగు. అందరూ ఆహా అంటుంటే నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఇసుకరాయి గాలికీ నీటికీ అరిగిపోయే రాయి. మన దగ్గర ప్లాను పాస్ చేయాలంటే సెట్‌బ్యాక్, అంటే హద్దుకీ గోడకీ మధ్య ఖాళీ, ఎంత వదిలారని అడుగుతాం. ఇక్కడ సెట్‌బ్యాక్ సున్నా. కిటికీ తెరిస్తే ఇరవై అంతస్తుల కిందన సముద్రం.

ఊరి ముందు ఇంకో రాతిగుట్ట ఉంది. దాని మీద శాంటా మరియా డెల్ ఐసోలా అనే చర్చి. ఒకప్పుడు ఆ గుట్ట నాలుగు పక్కలా నీళ్ళున్న దీవే, ఇసుక మేట వేసి ఒడ్డుతో కలిసిపోయింది. ఏటా ఆగస్టు 15న అక్కడి విగ్రహాలని పడవెక్కించి సముద్రం మీద ఊరేగిస్తారు.

ఇదంతా చూశాక నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటే. చేపలు పట్టుకునేవాళ్ళకి, నావికులకి నీళ్ళ పక్కనే ఇల్లుంటే సుఖం కదా. ఇంత ఇసుక కింద ఖాళీగా పెట్టుకుని, పడిపోయే కొండ అంచు మీదకి ఎందుకెక్కినట్టు?

అందరూ చెప్పే జవాబు సముద్రపు దొంగలు. అది నిజమే. వందల ఏళ్ళ పాటు ఆ తీరం మీద దాడులు జరిగాయి. దోచుకోవడం ఒక్కటే కాదు, మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవాళ్ళు. ట్రొపేయా నుంచి ఆకాశం తేటగా ఉన్నరోజు ఎదురుగా కొన్ని దీవులు కనిపిస్తాయి. వాటిలో లిపారి దీవి మీద 1544లో ఒట్టోమన్ నౌకాదళాధిపతి బార్బరోసా దాడిచేసి, దాదాపు ఊరు ఊరంతటినీ, తొమ్మిది వేల మందికి దగ్గరగా, పట్టుకుపోయాడు. ఎదురుగా కనిపించే దీవికి ఆ గతి పట్టాక ఒడ్డున ఇల్లు కట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? అప్పట్లో కలాబ్రియా ఉన్న నేపుల్స్ రాజ్యం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. వాళ్ళు తీరం పొడవునా కావలి బురుజులు కట్టించారు. కారులో వెళ్తుంటే ఇప్పటికీ శిథిలాలు కనిపిస్తూనే ఉంటాయి.

రెండో జవాబు ఎవరూ పెద్దగా చెప్పరు. మలేరియా. వాగులు సముద్రంలో కలిసే పల్లపు నేలల్లో నీళ్ళు నిలిచిపోయేవి, దోమలు పెరిగేవి. ఇక్కడ మనకొక లింకుంది. 1897 ఆగస్టులో మన సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ మరుసటి ఏడాదే ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త, మనిషికి మలేరియా అంటించేది అనాఫిలిస్ దోమేనని రుజువు చేశాడు. 1902లో నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే ఇచ్చారు. ఆ గొడవ చాలా ఏళ్ళు సాగింది. గ్రాస్సీకి అంత పట్టుదల ఎందుకంటే, తన దేశం దక్షిణాది మొత్తం ఆ జ్వరంతో మంచం పట్టి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ కొట్టాకే తీరం తేరుకుంది. ఇటలీలో మలేరియా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1970లో! అంటే మనం ఇవాళ ఎగబడి వెళ్ళే ఆ బీచ్, అక్కడి తాతముత్తాతల దృష్టిలో దొంగలూ జ్వరమూ వచ్చే దారి. వాళ్ళు సముద్రానికి ముఖం చాటేసి కొండెక్కారు.

ఇది అర్థమయ్యాక నా ప్రయాణం ప్లానే మారిపోయింది. ఒడ్డు వెంట తిరగడానికి అసలు కారు అక్కర్లేదు. తీరం వెంట పాత రైల్వే లైనుంది. 1972లో పెద్ద రైళ్ళకి లోపలినుంచి వేరే లైను వేశారు, దాంతో ఈ పాత లైను మీద ఎక్కువగా ప్యాసింజరు బళ్ళే నడుస్తున్నాయి. బీచ్ నుంచి బీచ్‌కి పోవడానికి అవి చాలు. కారు కావాల్సింది కొండెక్కడానికి.

కారు సంగతులు త్వరగా చెప్పేస్తాను, చాలామంది దీనికోసమే వచ్చారని తెలుసు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరకముందే మన ఆర్టీఏలో తీసుకోవాలి. కారు అద్దెకిచ్చేవాళ్ళు డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు అడుగుతారు. అది డ్రైవ్ చేసేవాళ్ళ పేరు మీదే ఉండాలి, పిల్లల కార్డు చూపిస్తే కుదరదు. దగ్గర్లో విమానాశ్రయం లమేత్సియా టెర్మె, అక్కణ్ణుంచి ట్రొపేయాకి 60 కిలోమీటర్లు ఉంటుంది. స్టీరింగ్ ఎడమవైపు, నడిపేది రోడ్డుకి కుడివైపు, గేరు కుడిచేత్తో. ఎంత చిన్న కారు దొరికితే అంత చిన్నది తీసుకోండి. సూటుకేసులు ఒడిలో పెట్టుకున్నా ఫర్వాలేదు, ఆ సందుల్లో పెద్ద కారు వద్దు. పాత ఊళ్ళ నడిబొడ్డుకి బయటి కార్లని రానివ్వరు. ఎర్ర అంచున్న తెల్ల గుండ్రటి బోర్డు, పక్కన కెమెరా కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. లేకపోతే నెలల తర్వాత ఫైను ఇంటికొస్తుంది, దాని మీద అద్దె కంపెనీ చార్జీ వేరే. పార్కింగులో తెల్లగీత ఉచితం, నీలంగీత డబ్బులు కట్టాలి, పసుపుగీత మనది కాదు. బంకులో గజోలియో అని రాసుంటే డీజిల్. గ్యాస్ అనుకోకండి, పెట్రోలు అనుకోకండి.

ఇక కొండ. ట్రొపేయా వెనకాలే మోంటే పోరో అనే పీఠభూమి ఉంది, ఎత్తు 700 మీటర్ల పైచిలుకు. ఊరు దాటగానే రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ప్రతి మలుపులో స్తంభానికి ఉబ్బెత్తు అద్దం ఒకటి బిగించి ఉంటుంది. ఎదురొచ్చే బండి అందులో చీమంత కనిపిస్తుంది. సగం అద్దాలు మసకబారాయి, కొన్ని పగిలాయి. అలాంటిచోట అద్దాన్ని నమ్ముకోకుండా హారన్ కొట్టుకుంటూ పోవడమే. ఈ విషయంలో మనకి ట్రైనింగ్ అక్కర్లేదు. (నవ్వులు)

ఎక్కుతున్నకొద్దీ ఒక వింత గమనిస్తాం. కొండ ఏకవాలుగా ఉండదు. కాస్త నిటారు, తర్వాత చదును, మళ్ళీ నిటారు, మళ్ళీ చదును. ఆ చదునుల్లోనే పొలాలు, ఊళ్ళు. ఆ ఒక్కొక్క చదునూ ఒకప్పటి సముద్రపు ఒడ్డు. భూమి పైపొరలోని ఆఫ్రికా ఫలకం, యూరప్ ఫలకం ఒకదాన్నొకటి నెట్టుకునే చోట కలాబ్రియా ఉంది. లక్షల ఏళ్ళుగా ఆ నేల లేస్తూనే ఉంది, ఏడాదికి మిల్లీమీటరు అటూఇటూ. కారు సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే, పక్కన బంగాళాదుంపల చేను చూసి ఇక్కడ ఒకప్పుడు అలలు కొట్టుకునేవి అనుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

పైన స్పిలింగా అనే పల్లె. అక్కడ న్దూయా అనే పదార్థం చేస్తారు. పందిమాంసం, కొవ్వు, బోలెడంత ఎండుమిరపకాయ కలిపి మెత్తగా రుబ్బి పేగుల్లో కూరి ఊరబెడతారు. అది రొట్టెకి రాసుకునేంత మెత్తగా ఉంటుంది. యూరప్‌లో కారం తినే జనం ఎవరంటే కలాబ్రియావాళ్ళనే చెప్పాలి. ఇళ్ళ బాల్కనీల్లో మిరపకాయల దండలు వేలాడుతుంటాయి. ఈ మిరపకాయ వాళ్ళ సొంతం కాదు, మనదీ కాదు. కొలంబస్ తర్వాత అమెరికా నుంచి స్పెయిన్‌వాళ్ళు అటు మోసుకొచ్చారు, పోర్చుగీసువాళ్ళు ఇటు మనకి తెచ్చారు. మా గుంటూరు మిత్రుడొకరికి కాస్త కారం పొడి తెచ్చిస్తే, నాలిక మీద వేసుకుని, "రంగు బాగుందండీ" అన్నారు. అంతకుమించి పొగడలేదు. (నవ్వులు)

కారం కన్నా వాళ్ళకి పెద్ద పేరు తెచ్చింది ఉల్లిపాయ. ట్రొపేయా ఎర్ర ఉల్లి. 2008లో యూరోపియన్ యూనియన్ దానికి ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది, మన జీఐ ట్యాగ్ వంటిదే. ఒడ్డుకి దగ్గరి ఇసుక నేలల్లో, చలి ముదరని వాతావరణంలో పండుతుంది. ఘాటు తక్కువ, తీపి ఎక్కువ. రోడ్డు పక్కన చిన్న ట్రక్కుల్లో జడలల్లి అమ్ముతారు. ఒక పెద్దావిడ మాకు అక్కడికక్కడే చాకుతో చక్రాలు కోసి, ఉప్పు కూడా వేయకుండా చేతిలో పెట్టింది. పచ్చిగా నమిలితే కంట నీరు రాలేదు. దాంతో జామ్ చేస్తారు, ఐస్‌క్రీమ్ కూడా చేస్తారు. ఐస్‌క్రీమ్ గురించి నన్నేమీ అడక్కండి.

అదే పీఠభూమి మీద జుంగ్రి అనే ఊరుంది. దాని కింది లోయవాలులో మెత్తటి రాతిని తొలిచి చేసిన గుహ ఇళ్ళున్నాయి, సుమారు వంద. బైజాంటైన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం కాలం నాటి జనావాసం. అక్కడ సముద్రం కనిపించదు, సముద్రానికీ ఆ ఊరు కనిపించదు. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? గుహల్లో గోధుమలు దాచుకునే గుంతలు, మెట్ల పక్కన వాననీటి కాలువలు చూడండి. డ్రైనేజీ లెవెల్స్ చక్కగా కుదిరాయి. ట్రొపేయాకి వచ్చే జనంలో అటు పోయేవాళ్ళు తక్కువే. నా ఉద్దేశంలో ఆ చుట్టుపక్కల చూడాల్సిన మొదటి చోటు అది.

పిట్సో గురించి ఒక్క ముక్క. ఉత్తరాన ఉన్న కొండ అంచు ఊరు. నెపోలియన్ బావమరిది మ్యురా, నేపుల్స్‌కి రాజుగా చేసి, పదవి పోయాక 1815 అక్టోబర్‌లో మళ్ళీ రాజ్యం దక్కించుకుందామని కొద్దిమందితో ఇక్కడే దిగాడు. జనం జై కొడతారనుకున్నాడు, వాళ్ళు పట్టుకుని అప్పగించారు. వారం తిరక్కుండానే, 13వ తేదీన, అక్కడి కోటలో కాల్చి చంపారు. సముద్రం మీద నుంచి దిగేవాణ్ణి నమ్మని అలవాటు వాళ్ళకి తరతరాలుగా ఉన్నదే కదా.

దక్షిణంగా వస్తే నికోటెరా. ఇది చూస్తే నేను చెప్పేది ఒక్క చూపులో తెలుస్తుంది. కొండ మీద పాత నికోటెరా, కింద ఒడ్డున నికోటెరా మరీనా. కలాబ్రియా అంతా ఇలాంటి జంట ఊళ్ళే. దొంగలు పోయి, రైలొచ్చి, మలేరియా పోయాక జనం మెల్లగా కిందికి దిగారు. పైన రాతి మేడలు, తాళాలు. కింద సిమెంటు ఇళ్ళు, పైకప్పు మీద ఇంకో అంతస్తు వేద్దామని వదిలేసిన ఊచలు. ఆ ఊచలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, మన ఊరొచ్చినట్టే అనిపించింది.

అక్కణ్ణుంచి మోటారు రహదారి ఎక్కితే షిల్లా. ఆ రహదారి పేరు ఏ2, సలెర్నో దగ్గర మొదలై 432 కిలోమీటర్లు, టోలు లేదు. అసలు రోడ్డు 1960, 70ల్లో వేసిందే. దాన్ని వెడల్పు చేసి బాగుచేసే పని 1990ల్లో మొదలుపెట్టి 2016 డిసెంబర్‌లో అయిందనిపించారు. మధ్యలో మాఫియా వాటాలు, కోర్టు కేసులు. కాంట్రాక్టు పనుల్లో ముప్పై ఏళ్ళు గడిపిన మనిషిగా నేను దాని మీద వ్యాఖ్యానించను. కానీ పని మాత్రం గొప్పగా ఉంది. సొరంగంలోంచి వంతెన మీదకి, వంతెన మీంచి సొరంగంలోకి. కుడిపక్క ఒక్క క్షణం సముద్రం మెరిసి మాయమవుతుంది.

షిల్లాలో కాస్త ఆగాలి. గ్రీకు పురాణంలో నావికుల్ని మింగే స్కిల్లా అనే రాక్షసి ఉండేది ఇక్కడి రాతిలోనే అంటారు. కియనలేయా అనే జాలరిపేట ఇళ్ళ గోడలకి నీళ్ళు తగులుతూ ఉంటాయి. కత్తిచేపల్ని పట్టే పడవలు చూడాలి. మధ్యలో ఇరవై మీటర్లకి పైగా ఇనుప స్తంభం, దాని కొసన నిలబడి ఒకడు చేప కోసం చూస్తూ అక్కడి నుంచే పడవ నడుపుతాడు. పడవ ముందుకి అంతకంటే పొడుగ్గా ఒక ఇనుప నడవ, దాని చివర ఈటె పట్టుకున్నవాడు. చేపకి ఇంజను చప్పుడు వినిపించేలోగా ఈటె దాని నెత్తి మీదుంటుంది.

ఆ పక్కనే చక్కటి బీచ్ ఉంది. 1783 ఫిబ్రవరి 5న మధ్యాహ్నం కలాబ్రియాలో పెద్ద భూకంపం వచ్చింది. షిల్లాలో ఇళ్ళు కూలాయి. మిగతావి ఎప్పుడు కూలతాయోనని జనం కొండ దిగి ఆ ఇసుక మీదకి, పడవల్లోకి చేరారు. ఇళ్ళకి దూరంగా, బయట. ఎవరైనా అదే చేస్తారు, నేనైనా అదే చెబుతాను. ఆ రాత్రి మళ్ళీ కంపించింది. పక్కనున్న కాంపల్లా కొండ సగం విరిగి సముద్రంలో పడింది. ఆ దెబ్బకి లేచిన అల బీచ్ మీదున్నవాళ్ళని ఊడ్చుకుపోయింది. సుమారు 1,500 మంది పోయారు. వాళ్ళతో పాటే పడవలో తలదాచుకున్న ఆ ఊరి రాజు కూడా. కొండ మీదుంటే భూకంపం, కిందికి దిగితే సముద్రం. ఎటు పోవాలి?

ఆ ఏడాది కంపనాల్లో మొత్తం 30 వేలకు పైగా చనిపోయారు. ఆ తర్వాత, నేపుల్స్ రాజ్యాన్ని అప్పుడు ఏలుతున్న బోర్బన్ రాజుల ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. రాతి గోడ లోపల చెక్క చట్రం ఉండాలని, ఎత్తు ఇంతకు మించకూడదని నిబంధనలు పెట్టింది. యూరప్‌లో తొలినాటి భూకంప నిర్మాణ నియమాల్లో అదొకటి. ఆ చట్రం ఉన్న ఇళ్ళు బాగా నిలబడ్డాయి. కానీ మన దగ్గర జరిగేదే అక్కడా జరిగింది, రెండు తరాలు గడిచేసరికి పట్టించుకునేవాడు లేకపోయాడు. 1908 డిసెంబర్ 28న తెల్లవారుజామున భూకంపానికి సిసిలీ దీవిలోని మెస్సీనా, ఇటు కలాబ్రియాలోని రెజ్జో నగరాలు నేలమట్టమయ్యాయి. 80 వేలమంది పైమాటే.

ట్రొపేయావాళ్ళ నమ్మకం వేరు. 1638 మార్చిలో వచ్చిన భూకంపంలో తమ ఊరు నిలిచింది చర్చిలోని మేరీమాత పటం వల్లేనంటారు. పటం ఊరేగింపు కోసం అందరూ ఇళ్ళలోంచి బయటికొచ్చి ఉన్నారట. అదే చర్చి గుమ్మం పక్కన రెండో ప్రపంచయుద్ధం నాటి పేలని బాంబులు రెండు నిలబెట్టి ఉంచారు. అవీ ఆ తల్లి మహిమే.

రెజ్జో మ్యూజియంలో రియాచె కంచు విగ్రహాలు తప్పక చూడండి. 1972 ఆగస్టులో సముద్రం అడుగున దొరికాయి, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు వీరులు ఇద్దరు, నిలువెత్తు మనుషులు. లోపలికి పంపేముందు ఒక గదిలో కాసేపు కూర్చోబెట్టి మన మీది దుమ్మూ ధూళీ పోగొడతారు. అందరూ విగ్రహాల కండరాలు చూస్తుంటే నేను మోకాళ్ళ మీద వంగి పీఠాలు చూశాను. ఒక్కో పీఠం రెండు పాలరాతి దిమ్మెలు, వాటి మధ్య పాలరాతి బంతులు. నేల కదిలితే కింది దిమ్మె కదులుతుంది, పైది దాదాపు అలాగే ఉంటుంది. గార్డు అనుమానంగా చూశాడు. మా ఆవిడ "ఇంజనీర్" అని చెప్పాక వదిలేశాడు.

సరే, ప్రశ్నలు.

(శాకాహారులకి తిండి దొరుకుతుందా?)

దొరుకుతుందమ్మా. ఫిలేయా అని మెలిదిప్పిన పాస్తా అక్కడి ప్రత్యేకం, టమాటా ఎర్రఉల్లి సాసుతో అడగండి. వంకాయ గారెల్లాంటివి చేస్తారు. న్దూయా లేదు కదా అని మాత్రం రెండుసార్లు అడగండి, ఆ ఎర్రరంగు టమాటాదే అనుకోవద్దు. మధ్యాహ్నం మూడుకి వెళ్తే హోటళ్ళు మూసి ఉంటాయి.

(ఏ నెలలో వెళ్ళాలి? ఆగస్టు వద్దంటారు కదా?)

బీచ్ కోసమైతే మే, జూన్, లేదా సెప్టెంబర్. ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల మీద ఒడ్డుకి దిగుతుంది, కాలు పెట్టడానికి చోటుండదు, రేట్లు మండిపోతాయి. కానీ కొండ మీద ఊళ్ళు చూడాలనుకుంటే నేను ఆగస్టే మంచిదంటాను. మిగతా పదకొండు నెలలు అక్కడ ముసలివాళ్ళే. పిల్లలు మిలాన్‌లో, టూరిన్‌లో, కెనడాలో, ఆస్ట్రేలియాలో. ఆగస్టులో వాళ్ళంతా ఇళ్ళకొస్తారు, తాళాలు తీస్తారు, వీధిలో బల్లలు వేసుకుని రాత్రి ఒంటిగంట దాకా భోజనాలు. స్పిలింగాలో న్దూయా పండగ కూడా ఆగస్టు 8నే. రూము మాత్రం మార్చిలోపే బుక్ చేసుకోండి, కారు పార్కింగ్ ఉందో లేదో అడిగి మరీ.